మా బూత్ మైనస్ అంట

మొన్న అమ్మ షుగర్ రిపోర్టుల కోసం బీరువాలో పాత ఫైళ్ళు తిరగేస్తుంటే 2019 నాటి ఓటరు స్లిప్పు ఒకటి కింద పడింది. అమ్మదే. మడత కూడా నలగలేదు, బూత్‌లో ఎవరూ పెన్నుతో గీత పెట్టలేదు, అంటే వాడలేదన్నమాట. అమ్మకి చూపిస్తే "ఆ రోజు మెషిన్ పాడైందిగా, నా తప్పేముంది" అని ఇటు తిరక్కుండానే చెప్పేసి చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది.

విజయవాడ సెంట్రల్ నియోజకవర్గంలో ఉండేవాళ్ళకి 25 అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో ఇక్కడ వైసీపీ మల్లాది విష్ణు గారు టీడీపీ బోండా ఉమామహేశ్వరరావు గారి మీద గెలిచింది 25 ఓట్ల తేడాతో. ఇద్దరికీ చెరో 70 వేల పైచిలుకు వచ్చాయి, చివరికి మిగిలిన తేడా మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర ఆదివారం పొద్దున నిలబడే జనమంత. నోటాకి పడ్డవే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ రోజు మా ఇంటి లెక్క చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. ఇంట్లో నాలుగు ఓట్లు, పడింది ఒకటి. ఏప్రిల్ 11, గురువారం. నేనప్పుడు హైదరాబాద్‌లో పనిచేస్తున్నా. ముందురోజు రాత్రి ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడితే సంక్రాంతికి కూడా అంత జనాన్ని చూడలేదు, బ్యాగులు నెత్తిన పెట్టుకుని ఊళ్ళకి పోతున్నారు. ఎలాగో సీటు దొరక్క డ్రైవర్ పక్కన ఇంజిన్ మీద కూర్చుని వచ్చి ఓటేశా. తమ్ముడు చెన్నైలో ఉన్నాడు, సెలవు దొరకలేదన్నాడు (అడిగాడో లేదో వాడికే తెలియాలి). మా ఆవిడ ఓటు పెళ్ళయి ఆరేళ్ళయినా గుంటూరులో పుట్టింటి అడ్రస్ మీదే ఉంది. అప్పట్లో నియోజకవర్గం మారితే కొత్తగా ఫారం 6 పెట్టాలి, ఇప్పుడైతే ఫారం 8 చాలు, కానీ ఏ ఫారమైనా పెట్టాలంటే ముందు మనిషి కదలాలి కదా. కదల్లేదు. సరే, ఆమె ఓటు పడినా గుంటూరు లెక్కలోకి పోయేది. ఇక అమ్మ. పొద్దున్నే తలస్నానం చేసి వెళ్ళింది. మా బూత్‌లో మెషిన్ మొరాయించింది, గంటన్నర నిలబడేసరికి మోకాళ్ళు పట్టేసి "ఎండ తగ్గాక సాయంత్రం వస్తా" అని ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం రాలేదు.

ఆ తర్వాత 42 రోజులు ఆగాలి. మే 23న టీవీ ముందు కూర్చుంటే రాష్ట్రమంతా మధ్యాహ్నానికే తేలిపోయింది, మా సెంట్రల్ మాత్రం సాగుతూనే ఉంది. అసలు నంబరు తెలిశాక వీధిలో ప్రతి ఇంట్లో ఇదే కూడికలు. మా ఇంట్లో రెండు, ఎదురింట్లో కాశీ వెళ్ళిన ముసలాళ్ళు రెండు, పై వాటాలో లిస్టులోంచి పేరు ఎగిరిపోయిన అబ్బాయి ఒకటి... మా నాలుగు వీధులు దాటకముందే పాతిక దాటిపోయింది. అందరికీ గిల్టీ. గెలిచినవాళ్ళవైపు వాళ్ళకి కూడా, "అమ్మో, ఇంకొక్క ఇల్లు అటు కదిలుంటే" అని.

దీని మీద వాట్సాప్‌లో నడిచిన నీతివాక్యాలు అందరూ చదివే ఉంటారు, ఒక్క ఓటు విలువ అదీ ఇదీ. నాకు మాత్రం అప్పట్నుంచీ బుర్ర వేరే చోట ఇరుక్కుంది. 25తో గెలిచినా ఎమ్మెల్యేనే. ఐదేళ్ళు. ఆ ఎన్నికలో గెలిచినాయనకి పోలైన ఓట్లలో సగం కూడా రాలేదు, ఎందుకంటే జనసేన పొత్తులో సీపీఎం తరఫున నిలబడ్డ బాబూరావు గారు కూడా గట్టిగానే తెచ్చుకున్నారు. ఇది ఆయనొక్కడి సంగతి కాదులెండి, మన పద్ధతే అంత, పక్కోడి కంటే ఒకటి ఎక్కువొస్తే చాలు. మరి మిగిలిన సగం పైచిలుకు జనం పనేంటి? వాళ్ళ కాలవ పొంగితే ఎవరి గుమ్మం తొక్కాలి?

ఐదేళ్ళు తిరిగేసరికి 2024లో అదే సెంట్రల్‌లో బోండా ఉమా గారు 68,886 ఓట్ల తేడాతో గెలిచారు. 25 ఎక్కడ, 68 వేలు ఎక్కడ. వెస్ట్ ఎమ్మెల్యేగా ఉన్న వెల్లంపల్లి శ్రీనివాస్ గారిని ఈసారి సెంట్రల్‌కి పంపారు, అది వేరే కథ. రాష్ట్రం మొత్తం మీద చూస్తే ఇంకా తమాషా. 2019లో టీడీపీకి దాదాపు 39 శాతం ఓట్లొస్తే వచ్చిన సీట్లు 23. 2024లో వైసీపీకి వచ్చిందీ 39 శాతం పైచిలుకే, సీట్లు 11. మొత్తం 175లో. అంటే బజార్లో పదిమందిని ఆపి అడిగితే నలుగురు ఆ పార్టీకి ఓటేసినవాళ్ళే, అసెంబ్లీలో మాత్రం పదిమందిలో ఒక్కడు కూడా పూర్తిగా లేడు. రెండు పార్టీలూ ఒకసారి అటు కూర్చుని ఇదే లెక్క చూసి ఏడ్చాయి, ఒకసారి ఇటు కూర్చుని ఇదే లెక్క చూసి డప్పులు కొట్టాయి. పద్ధతి మారుద్దామని మాత్రం ఎవరూ అనరు, తమ వంతు వస్తుందని తెలుసు కాబట్టి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఏ సంవత్సరమో చెప్పను, చెప్తే పార్టీ పేరు చెప్పినట్టే. మా వీధిలో సైడు కాలవ పూడిపోయింది. మామూలుగా పూడటం కాదు, వాన పడితే నీళ్ళు మా వరండా మొదటి మెట్టు మీదకొచ్చి, పక్కింటివాళ్ళ చెప్పులు మా గేటు దగ్గర తేలేవి. ఆన్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టాం, వార్డు సచివాలయంలో కాగితం ఇచ్చాం. రెండు వారాలకి ఇద్దరు మనుషులొచ్చి మొదటి పది గజాలు తీసి, తీసిన పూడిక అక్కడే గట్టు మీద పోసి వెళ్ళిపోయారు. తర్వాతి వానకి అది మళ్ళీ కాలవలోకే జారింది, ఎక్కడికి పోతుంది పాపం. ఇక లాభం లేదని వీధిలో ఆరుగురం కలిసి ఒక స్థానిక నాయకుడి దగ్గరికి వెళ్ళాం. మనిషి మర్యాదస్తుడే, కుర్చీలు వేయించి టీ ఇప్పించాడు. మా కాగితం తీసుకుని చదవలేదు, ఫోన్ తీశాడు. ఏదో వెతికాడు. "మీది ఏ స్కూల్లో బూత్? ఎన్నో గది?" అన్నాడు. చెప్పాం. స్క్రీన్ మీద వేలితో రెండుసార్లు జరిపి, "మీ బూత్ మనకి మైనస్ అండీ" అన్నాడు. కోపంగా కాదు. బ్లడ్ గ్రూపు చెప్పినంత మామూలుగా. మైనస్ అంటే మా బూత్‌లో వాళ్ళ పార్టీకి అవతలివాళ్ళ కంటే ఓట్లు తక్కువ పడ్డాయని.

మాలో ఒకాయన వెంటనే "మేం మీకే వేశాం బాబూ" అన్నాడు. నాయకుడు నవ్వాడు. "అందరూ అదే అంటారండీ, మరి ఈ నూట పది మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

చచ్చినట్టు నోరు మూసుకున్నాం. ఆ ఆరుగురిలో ఆయనకి నిజంగానే ఓటేసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండే ఉంటారు, కానీ ఎలా నిరూపిస్తారు? ఓటు రహస్యం. ఓటు మెషిన్ పక్కనుండే వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి డబ్బాలో పడిపోతుంది, అంతే, దేవుడికే తెలియాలి. మనిషి ఓటు రహస్యమే, వీధి ఓటు మాత్రం బహిరంగం. ఈ ముక్క అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చాక ఆయన ఫోన్‌లో చూసిందేంటో తెలుసుకుందామని పక్కింటి బాబాయ్ దగ్గరికి వెళ్ళా. బాబాయ్ గవర్నర్‌పేటలో ప్రింటింగ్ ప్రెస్‌లో కంపోజింగ్ చేసి రిటైరైన మనిషి, ఎన్ని ఎన్నికల నుంచో ఒకే పార్టీకి పోలింగ్ ఏజెంటు. మాకు చుట్టరికం లేదు, చిన్నప్పట్నుంచి బాబాయే. వంగవీటి రంగా గారు విజయవాడ ఈస్ట్ నుంచి గెలిచిన 1985 ఎన్నికలప్పటికే ఈయన బూత్‌లో కూర్చున్నాడట. (అప్పుడు సెంట్రల్ అనే నియోజకవర్గమే లేదు, అది 2009 నుంచి వచ్చింది.) నా మొహం చూసి "అది ఫారం 20 రా" అని నవ్వాడు.

ఫారం 20 అంటే చివరి ఫలితాల షీటు. ఎన్నికలయ్యాక నెట్‌లో పెడతారు, ఎవరైనా చూడొచ్చు. అడ్డంగా అభ్యర్థుల పేర్లు, నిలువుగా బూత్ నంబర్లు, ఏ బూత్‌లో ఎవరికెన్ని, నోటాకెన్ని, అన్నీ ఉంటాయి. పార్టీవాళ్ళు అంతదాకా కూడా ఆగరట. పోలింగ్ అయిన రాత్రే ఏజెంట్లకి 17సీ అని ఒక కాగితం ఇస్తారు, ఆ మెషిన్‌లో మొత్తం ఎన్ని పడ్డాయో దాన్లో ఉంటుంది. కౌంటింగ్ రోజు టేబుల్ మీద ఒక్కో మెషిన్ తెరిచి చదువుతుంటే జాలీకి అవతల కూర్చున్న ఏజెంట్లు రాసేసుకుంటారు. సాయంత్రానికల్లా ఏ వీధి ప్లస్, ఏ వీధి మైనస్ అంతా చేతిలో ఉంటుంది. ఒక బూత్ అంటే ఎంత? మహా అయితే వెయ్యి, పన్నెండొందల ఓట్లు, నాలుగైదు వీధులు, రెండు అపార్ట్‌మెంట్లు. దాన్లో పోలైంది ఏడెనిమిది వందలు. ఇక దాచడానికి ఏముంటుంది.

"బ్యాలెట్ పేపర్ రోజుల్లో ఇంత తేలిక కాదు" అన్నాడు బాబాయ్. ఆ రోజుల్లో చాలా చోట్ల లెక్కించే ముందు వేరే వేరే బూత్‌ల కాగితాలన్నీ కలిపేసేవాళ్ళు. డ్రమ్ములో పోసి తిప్పి, కట్టలు కట్టి, అప్పుడు టేబుళ్ళకి పంచేవాళ్ళు. ఆ రూల్ ఇప్పటికీ ఎన్నికల రూల్స్ పుస్తకంలో ఉంది, నంబరు 59ఏ. మెషిన్లొచ్చాక మెషిన్‌ని మెషిన్‌లో పోసి కలపలేం కదా, అందుకే బూత్‌ల వారీగా బయటపడింది. దీనికీ విరుగుడు లేకపోలేదు. టోటలైజర్ అని ఒక పరికరం, దానికి పద్నాలుగు మెషిన్లు తగిలిస్తే అన్నీ కలిపి ఒకే మొత్తం చూపిస్తుంది, ఏ బూత్‌లో ఎంత అన్నది బయటికి రాదు. ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రాన్ని అడిగింది. లా కమిషన్ కూడా 2015లో ఇచ్చిన 255వ రిపోర్టులో పెట్టమనే చెప్పింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ వారీ లెక్కలుంటే ఎక్కడ వెనకబడ్డామో తెలుసుకుని అక్కడ బాగా పనిచేసుకుంటాం అన్నది ఆ వాదన.

ఈ వాదన చదివినప్పుడు మా గేటు దగ్గర తేలిన చెప్పులు గుర్తొచ్చాయి. వెనకబడ్డ చోట బాగా పనిచేసే నాయకులు కూడా ఉంటారేమో, కాదనను. నాకు దొరికినాయన మాత్రం కాగితం చదవకుండా ఫోన్ తీశాడు.

నా బాధ కాలవ గురించే అయితే ఈ పాటికి మర్చిపోయేవాణ్ణి. ఎమ్మెల్యే అంటే నియోజకవర్గంలో రెండున్నర లక్షల మందికీ కదా, ఓటేసినవాడికీ వెయ్యనివాడికీ. గెలిచిన రోజు మైకులో అందరూ అదే చెప్తారు, "నేను అందరి ఎమ్మెల్యేని" అని, దండలు మెళ్ళో ఉండగానే. ఆ మాట నిలవాలంటే ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో తెలియకుండా ఉండాలి. తెలిసిందా, ఇక పక్కనుండేవాళ్ళు ఊరుకోరు. "వాళ్ళకి చేసి లాభం ఏంటి అన్నా" అనేవాడు ఒకడు ఉండనే ఉంటాడు. ఎమ్మెల్యే మంచోడైనా ఆ ఒక్క మాటకి మన కాగితం కట్టలో అడుగుకి పోతుంది.

పోనీ మన వైపు ఎమ్మెల్యే గెలిస్తే పనులైపోతాయా అంటే, ఆయన పార్టీ అధికారంలో లేకపోతే అదీ లేదు. ఓడిపోయిన అభ్యర్థికి ఇన్‌ఛార్జి అని పేరు పెడతారు, ఆఫీసుల్లో చెల్లేది ఆయన మాట. ఏ ప్రభుత్వం వచ్చినా ఇదే తంతు. జనం గెలిపించినాయన ప్రెస్‌మీట్లు పెట్టుకుంటాడు, జనం ఓడించినాయన శంకుస్థాపనలు చేస్తుంటాడు. పక్కన ఈస్ట్‌వాళ్ళు 2014, 2019, 2024 మూడుసార్లూ గద్దె రామ్మోహన్ గారినే గెలిపించారు, మధ్యలో ఐదేళ్ళు రాష్ట్రంలో వేరే ప్రభుత్వం. ఆ ఐదేళ్ళు ఎలా గడిచాయో ఈస్ట్‌లో మీ చుట్టాలుంటే అడగండి. ఇక వెస్ట్‌లో 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచిన జలీల్ ఖాన్ గారు 2016లో టీడీపీలోకి వెళ్ళారు. అప్పట్లో అలా వెళ్ళినవాళ్ళు రాష్ట్రంలో 23 మంది. ఫ్యాన్ మీద నొక్కిన వేలు సైకిలెక్కి పోయింది, మళ్ళీ ఎన్నికేమీ లేదు.

ఒక్కసారి మాత్రం ఏ లిస్టూ పనికిరాలేదు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి ఊరి మీదకి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, అన్నీ మునిగాయి. పాయకాపురంలో మా బావగారి ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్, ఫ్యాన్ రెక్కల దాకా నీళ్ళు. బావ ఫోన్ చేసి "మేడ మీదున్నాం, తాగడానికి నీళ్ళు లేవు" అన్నాడు, చుట్టూ ఉన్నదంతా నీళ్ళే. ప్లస్ బూత్, మైనస్ బూత్ అన్నీ ఒకే ఎత్తులో మునిగాయి. వారం తర్వాత వెళ్తే ఇంట్లో సామానంతా బురదలో వీధిలో పరిచి ఉంది, సోఫాలు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు, వాటి మధ్యలో బావ పాత ఎన్నికల జెండా కర్రతో బురద తోస్తున్నాడు.

నియోజకవర్గాలు మళ్ళీ మారతాయంటున్నారు. ఇప్పుడున్న గీతలు 2001 జనాభా లెక్కల మీద గీసినవి. విభజన చట్టంలో మన సీట్లు 175 నుంచి 225కి పెంచాలని ఉంది, ఇన్నేళ్ళూ అది కాగితం మీదే ఉండిపోయింది. 2027 జనగణన అయ్యాక కదులుతుందని ఆశ. మహిళలకి మూడో వంతు సీట్లు కూడా దానితోనే ముడిపడి ఉన్నాయి. మా వీధి అప్పుడు ఏ నియోజకవర్గంలో పడుతుందో, కొత్త పేరేం పెడతారో గానీ, బూత్ మాత్రం అదే స్కూల్లో అదే గది, అదే నాలుగు వీధులు. మా మైనస్ మా వెంటే వస్తుంది.

కాలవ సంగతి చెప్పలేదు కదా. చివరికి మేమే ఇంటికి ఇంత అని వేసుకుని మనుషుల్ని పెట్టి తీయించుకున్నాం. డబ్బులు వేసినవాళ్ళలో ఏ పార్టీవాళ్ళున్నారో ఎవరూ అడగలేదు. పై వాటా అబ్బాయి ఒక్కడే ఇంకా బాకీ.

స్లిప్పు దొరికిన రోజు సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి బాబాయ్‌కి చూపించా. ఆయన లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫైలు తెచ్చాడు. ప్రతి ఎన్నికకీ మా బూత్ ఓటర్ల లిస్టు, 17సీ కాపీలు, అన్నీ ట్యాగు వేసి ఉన్నాయి, కంపోజింగ్ చేసిన చెయ్యి కదా, వరస తప్పదు. లిస్టులో ప్రతి పేరు పక్కనా పెన్సిల్ గుర్తు. టిక్కు పెడితే మనవాళ్ళు, ఇంటూ పెడితే అవతలివాళ్ళు, అనుమానమైతే క్వశ్చన్ మార్కు. కవర్లు పంచడానికి వచ్చే కుర్రాళ్ళు కూడా ముందు ఈ లిస్టే అడుగుతారట. నలభై ఏళ్ళు పక్కనే ఉన్నాడు, మా నాన్న పోయినప్పుడు పాడె మోసిన మనిషి. మా డోర్ నంబర్ దగ్గరికి వేలు జరిపి ఆగాడు. నా పేరు పక్కన టిక్కు ఉంది, రబ్బరుతో చెరిపిన ఇంటూ మరక మీద. తమ్ముడి పేరు పక్కన "ఊళ్ళో లేడు" అని రాసుంది.

అమ్మ పేరు పక్కన 2009లో క్వశ్చన్ మార్కు. 2014లో క్వశ్చన్ మార్కు. 2019లో క్వశ్చన్ మార్కు. 2024లోనూ అదే.

"మీ అమ్మని ఎన్నిసార్లు అడిగినా నవ్వుతుంది గానీ చెప్పదురా" అన్నాడు బాబాయ్ కొంచెం ఉక్రోషంగానే.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. చారు పోపు వేస్తోంది. "ఇంకా అదే పెట్టుకున్నాడా" అని అడిగి, ఔనంటే, స్లిప్పు నా చేతిలోంచి తీసుకుని మందుల డబ్బాలో అడుగున పరిచింది.